ఆఖరి పీరియడ్‌లో కథ



నేను శ్రీకాకుళం జిల్లాలో, సముద్రం ఒడ్డునే ఉన్న ఒక మత్స్యకార గ్రామంలో టీచర్ని. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల మాది. చిన్న తరగతులు ఇంకో టీచరుగారు చూస్తారు, నాలుగు, అయిదు తరగతులు నావి. రెండు తరగతులకీ ఒకే గది. తూర్పు గోడకున్న బోర్డు నాలుగో తరగతిది, పడమటి గోడకున్నది అయిదో తరగతిది. ఒకరికి లెక్కలిచ్చి, వాళ్లు అవి చేసేలోగా రెండోవాళ్లకి పాఠం చెప్పుకోవాలి. ఇలాంటి బళ్లలో పనిచేసినవాళ్లకి ఈ సంగతి నేను వివరించక్కర్లేదు. మాది విజయనగరం వైపు. డైట్‌లో ట్రైనింగ్ పూర్తిచేసి, డీఎస్సీ రాసి ఉద్యోగంలో చేరాను. ఈ ఊరికి వచ్చేదాకా సముద్రమంటే సెలవు రోజున వెళ్లి చూసొచ్చేదే నాకు. ఇప్పుడు ఇసుక మీద ఎండబెట్టిన నెత్తళ్ల పక్కనుంచి నడిచి బడికి వెళ్తాను. పిల్లలు నన్ను టీచరమ్మ అంటారు. వాళ్ల తల్లులూ, నాయనమ్మలూ అదే పేరుతో పిలుస్తారు.

జూన్ 12న బళ్లు తెరుస్తున్నారు. అంతకుముందే నాకు ఆకాశవాణిలో మాట్లాడే ఈ అవకాశం దొరికింది కాబట్టి, ఈ ఏడాది మా గదిలో ఏమేం చదువుకోబోతున్నామో, ఎందుకు చదువుకోబోతున్నామో చెబుతాను. పాఠ్యపుస్తకాల గురించి కాదు. అవి ఎలాగూ ఉంటాయి, అవి చెప్పడం నా ఉద్యోగం. నేను చెప్పేది మా ఆఖరి పీరియడ్ గురించి. రోజూ ఇంటి గంట కొట్టేముందు అరగంట సేపు మేం కథ చదువుకుంటాం. ఆ అరగంటలో ప్రశ్నలూ జవాబులూ ఉండవు. ఖాళీలు పూరించడాలు, మార్కులు అసలే ఉండవు. నేను చదువుతాను, పిల్లలు వింటారు. తర్వాత వాళ్లు చదువుతారు, నేను వింటాను. అంతే.

ఇది ఎందుకు కావాలో తెలియాలంటే నాలుగో తరగతి పిల్ల ఒకతె పక్కన కాసేపు కూర్చోవాలి. పుస్తకం ఒళ్లో పెట్టుకుంటుంది. వరుస కింద వేలు పెడుతుంది. "స... ము... ద్రం" అని కూడబలుక్కుంటుంది. ఒత్తు వచ్చినచోట ఆగిపోతుంది, పెదాలు కదుపుతుంది, నా వైపు చూస్తుంది, మళ్లీ మొదలెడుతుంది. చీకట్లో గోడ తడుముకుంటూ నడిచినట్టుంటుంది ఆ చదువు. వాక్యం చివరికి చేరేసరికి మొదట్లో ఎవరు ఎక్కడికి వెళ్లారో మర్చిపోతుంది. అక్షరాలన్నీ వచ్చు, గుణింతాలూ వచ్చు, వాక్యం మాత్రం చేతికి చిక్కదు. ఇంట్లో ఇదే పిల్ల, నిన్న రేవులో ఎవరి వలకి ఏ చేప పడిందో, ఎవరితో ఎవరు గొడవ పడ్డారో, ఊపిరి తీసుకోకుండా చెబుతుంది. మాట రాక కాదు. మాటకీ అచ్చుకీ మధ్య దారి ఇంకా పడలేదు.

మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవగలగాలని కేంద్ర ప్రభుత్వం 2021లో నిపుణ్ భారత్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. 2026-27 నాటికి ఆ పని జరగాలని గడువు కూడా పెట్టింది. మంచి లక్ష్యం. నేను మనసారా ఒప్పుకుంటాను. అయితే దానికోసం మేం పెట్టే పరీక్షలన్నీ నిమిషానికి ఎన్ని మాటలు చదివింది అనే లెక్క చుట్టూ తిరిగితే, పిల్ల వేగంగా చదవడం నేర్చుకుంటుంది గానీ చదవాలని అనుకోదు. పుస్తకం తెరవగానే "తర్వాతేమయింది?" అన్న ఆరాటం కలగాలి. ఆ ఆరాటం ముందు చెవిలో పుడుతుంది. వాక్యం ఎక్కడ లేస్తుందో, ఎక్కడ ఆగుతుందో, రాక్షసుడు వచ్చేటప్పుడు గొంతు ఎలా మారుతుందో విన్న పిల్లకి, రేపు తనే చదివేటప్పుడు ఆ తీరు తోడొస్తుంది. పుస్తకాలున్న ఇళ్లలో ఈ పని అమ్మానాన్నలు చేస్తారు. మా ఊళ్లో చాలా ఇళ్లలో అచ్చయిన కాగితమంటే కరెంటు బిల్లు, రేషన్ కార్డు. కాబట్టి ఇక్కడ ఆ పని టీచరే చెయ్యాలి.

రేడియోలో మాట్లాడుతూ ఈ సంగతి చెప్పడం నాకు ఇష్టంగా ఉంది. న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యగా పిల్లలకి కథలు వినిపించింది ఈ రేడియోలోనే. 1945లో 'బాల' అనే పిల్లల పత్రిక నడపడం మొదలుపెట్టిందీ వాళ్లే. చెవితో విన్న పిల్లల చేతికే పత్రిక కూడా ఇచ్చారు. రేడియోలోలాగా బొమ్మ కనపడని చోట పిల్ల తన బొమ్మ తను మనసులో గీసుకుంటుంది. అందుకే నేను చదివేటప్పుడు పుస్తకంలో బొమ్మలు వెంటనే చూపించను. పేజీ అయ్యాక చూపిస్తాను. "నేననుకున్న రాజుకి మీసాల్లేవు" అని ఎవరో ఒకరు పోట్లాటకి దిగుతారు. ఆ పోట్లాట కోసమే ఆగుతాను.

మొదటి నెలలో పుస్తకం పట్టుకోం. అందరికీ తెలిసిన ఏడు చేపల కథతో మొదలుపెడతాం. రాజుగారి ఏడుగురు కొడుకులు, వాళ్లు తెచ్చిన ఏడు చేపలు, వాటిలో ఎండకుండా మిగిలిపోయిన ఒక్క చేప. చేపనడిగితే గడ్డిమేటు మీదా, గడ్డిమేటు ఆవు మీదా, ఆవు కాపరి మీదా నెపం వేసుకుంటూ పోయి, చివరికి చీమ దగ్గర తేలే కథ. తెలుగునాట ఈ కథ వినని పిల్లలుండరు. కానీ చేపలెండబెట్టే ఊళ్లో దీన్ని వినే తీరు వేరు. కిందటేడు గడ్డిమేటు అడ్డొచ్చిందన్న దగ్గర నేను ఇంకా ఊపిరి తీసుకోలేదు, నాలుగో తరగతి కుర్రాడొకడు లేచాడు. "టీచరమ్మా, ఆ సేపని కాస్త ఎండలోకి జరిపెయ్యొచ్చు గదా! మాయమ్మయితే జరిపేస్తాది."

తరగతంతా వాడి పక్షమే. చేపని రెండో వైపు తిప్పాలని ఒకరు, ఉప్పు చాల్లేదేమోనని ఒకరు, మబ్బు పడితే పట్టా కప్పాలని ఇంకొకరు. చేపలు ఎండబెట్టడం గురించి ఆ రోజు నేను వాళ్ల దగ్గర పాఠం నేర్చుకున్నాను. పెద్ద చేపయితే కడుపు కోసి, పేగులు తీసి, ఉప్పు దట్టించి పెట్టాలి. నెత్తళ్లలాంటి చిన్నవాటికి అదేం అక్కర్లేదు, మంచి ఎండ తగిలితే చాలు. సాయంత్రం మంచు పడకముందే తియ్యాలి. కాకినీ కుక్కనీ కనిపెట్టుకుని ఒకరు కూర్చోవాలి, ఆ కూర్చునేది ఎప్పుడూ చిన్నపిల్లే. ఇవన్నీ వాళ్లు చెబుతుంటే బోర్డు మీద రాస్తూ పోయాను. తర్వాత వాళ్లు చెప్పినవాటినే చదవమన్నాను. కూడబలుక్కునే పిల్ల కూడా "పేగులు తీసి, ఉప్పు దట్టించి" అని గబగబా చదివేసింది. తనకి తెలిసిన పని, తన నోటి మాట, ఎదురుగా అక్షరాల్లో ఉంది మరి.

ఈ ఏడు దాన్ని ఇంకాస్త ముందుకి నడిపిస్తాం. కథ చీమ దగ్గర ఆగుతుంది, మేం ఆగం. చీమల పుట్ట అక్కడ ఎందుకుంది? చీమ ఇంటి దగ్గరికి ఎందుకొచ్చింది? పొడుగాటి చార్టు కాగితం గోడ పొడవునా అంటిస్తాను. ఒక్కొక్కరు ఒక్కొక్క కారణం రాయాలి. ఇసుక దిబ్బలు కోసుకుపోయాయని రాస్తారో, 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి సరుగుడు చెట్లు పడిపోయాయని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పింది రాస్తారో, అది వాళ్లిష్టం. ఒకదానివల్ల ఇంకొకటి ఎలా జరుగుతుందో వెనక్కి వెతుక్కుంటూ పోవడమే చదివింది అర్థం చేసుకోవడం. ఈ పని ఏడు చేపల కథ చేయించినంత బాగా ఏ అభ్యాసమూ చేయించదని నా నమ్మకం.

సోమవారాలు పద్యానివి. వేమన, సుమతి, కుమార శతకాల్లోంచి వారానికొకటి. దాని గురించి ఎక్కువ చెప్పను, పద్యం గొంతెత్తి పాడుకుంటే చాలు, నాలిక తిరుగుతుంది.

ఆగస్టు 29 మా జిల్లాకి సొంత పండగ. 1863లో ఆ రోజున గిడుగు రామమూర్తిగారు మా జిల్లాలోని పర్వతాలపేటలో పుట్టారు. తెలుగు భాషా దినోత్సవమని ఆ రోజు అన్ని బళ్లలోనూ పటానికి దండ వేస్తారు. మా గదిలో నేను ఆయన గురించి వేరే కథ చెబుతాను. పర్లాకిమిడిలో ఆయన బడి పంతులు. కొండల నుంచి దిగివచ్చే సవరలు మాట్లాడుకునేది ఆయన విన్నారు, వాళ్ల భాష పట్టుబట్టి నేర్చుకున్నారు. సవర పిల్లలకి వాళ్ల భాషలోనే వాచకాలూ కథలూ పాటలూ తయారుచేసి, బళ్లు పెట్టించారు. ఆ భాష మీద ఆయన చేసిన పని చివరికి 1938లో సవర నిఘంటువుగా అచ్చయింది. అప్పటికి ఆయనకి డెబ్బయి అయిదేళ్లు. పక్కనున్న పార్వతీపురం మన్యం జిల్లా కొండల్లో ఈనాటికీ సవర మాట్లాడే పిల్లలున్నారని చెప్పి, మ్యాపులో చూపిస్తాను. పిల్ల ఇంట్లో మాట్లాడే మాటని బడి గౌరవించాలని ఒక పంతులుగారు అంత కాలం కిందటే అనుకున్నారు. మా పిల్లలు "ఏటి" అన్నప్పుడల్లా "ఏమిటి అనాలి" అని సరిదిద్దే ముందు నేను ఆయన్ని తలుచుకుంటాను.

సెప్టెంబరు నుంచి మా పెద్ద పుస్తకం 'రైలుబడి'. జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి రాసింది. అక్కడ 1981లో వచ్చింది, తెలుగులో ఈ పేరుతో దొరుకుతుంది. టోక్యోలో టొమోయే అనే బడి. పాత రైలుపెట్టెలే తరగతి గదులు. చిన్నప్పటి తెత్సుకోనే ఇందులో టొట్టోచాన్. అంతకుముందు చేరిన బడిలో ఆ పిల్ల కిటికీ దగ్గర నిలబడి వీధిలో వాయించుకుంటూ పోయేవాళ్లని పిలిచేది, బల్ల మూత తీస్తూ వేస్తూ ఉండేది. టీచర్లు పడలేక పంపించేశారు. అప్పుడు వాళ్లమ్మ ఈ రైలుబడికి తీసుకొచ్చింది. హెడ్మాస్టర్ కొబయాషి గారు అమ్మని పంపేసి, ఎదురుగా కుర్చీ వేసుకుని, నీకేం చెప్పాలనుంటే అది చెప్పమన్నారు. ఆ పిల్ల నాలుగు గంటల సేపు మాట్లాడింది. ఆయన విన్నారు.

టీచర్లుగా మనం పిల్లలు చెప్పేది ఎంతసేపు వింటున్నాం? ఈ పుస్తకం పిల్లలకి చదువుతున్నానంటే ముందు నాకు నేను చదువుకుంటున్నట్టే. రెండు తరగతులున్న గదిలో ఒక్కొక్కరు చెప్పేది నాలుగు గంటలు వినడం కుదరదు. అయినా బడి తెరిచిన మొదటి వారంలో, రోజుకి ఇద్దరు ముగ్గురిని పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్లు ఆపేదాకా వినాలని ఈసారి నియమం పెట్టుకున్నాను. మిగతావాళ్లు ఆ సేపు బొమ్మలు వేసుకుంటారు.

రైలుబడిలో మధ్యాహ్న భోజనానికి ఒక పద్ధతి ఉంది. ప్రతి డబ్బాలోనూ సముద్రానిది ఒకటి, కొండలది ఒకటి ఉండాలి. లేనివాళ్లకి హెడ్మాస్టరుగారి భార్య రెండు గిన్నెలు పట్టుకుని తిరుగుతూ వడ్డించేది. ఈ అధ్యాయం మా ఊళ్లో చదవడం ఎంత బాగుంటుందో ఊహించండి. సముద్రానిది మాకు కొదవలేదు. కొండలది ఏది? తూర్పు కనుమలు మాకు దూరం కావు, కానీ అక్కడినుంచి మా కంచంలోకి ఏం వస్తుందో పిల్లలు ఎప్పుడూ ఆలోచించి ఉండరు. చింతపండు, పసుపు, సీతంపేట నుంచి వచ్చే అనాసపండు. ఆ వారమంతా మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని ఏది ఎక్కడిదో వెతుక్కుంటాం. వంట చేసే అమ్మలని కూడా ఈ ఆటలోకి పిలుస్తాను. వాళ్లకి తెలిసినంత నాకు తెలియదు.

ఆ పుస్తకంలో యసుయాకి అనే పిల్లాడున్నాడు. పోలియో వచ్చి కాళ్లూ చేతులూ సరిగా కదలవు. ఎవరికీ చెప్పకుండా టొట్టోచాన్ వాడిని నిచ్చెనేసి తన చెట్టు ఎక్కిస్తుంది. చెమటలు కక్కుతూ, లాగుతూ, తోస్తూ, ఇద్దరూ కొమ్మ మీదికి చేరతారు. ఆ పేజీ చదువుతుంటే గదిలో అందరూ ముందుకి వంగిపోతారు. తర్వాత కొన్ని అధ్యాయాలకి యసుయాకి చనిపోతాడు. చిన్నపిల్లలకి ఇది చదవకూడదని, దాటేసి ముందుకు పొమ్మని నాకు చెప్పినవాళ్లున్నారు. నేను దాటెయ్యను. సముద్రం మీదికి వెళ్లి తిరిగిరానివాళ్ల ఫోటోలు ఇంటి గోడలకున్న ఊరు మాది. చావు ఈ పిల్లలకి కొత్త సంగతి కాదు. దాని గురించి మాట్లాడే చోటు మాత్రం వాళ్లకి దొరకదు. పుస్తకం ఆ చోటు ఇస్తుంది. ఆ రోజు కథ తర్వాత నేను ఏమీ అడగను, ఎవరైనా చెప్పదలుచుకుంటే వింటాను. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ రైలుబడి 1945లో బాంబులు పడి కాలిపోయింది. ఆ అధ్యాయం కూడా చదువుతాను.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. ఆ వారంలో పిల్లల్ని శ్రీకాకుళం తీసుకెళ్లి కథానిలయం చూపించాలని ఉంది. కాళీపట్నం రామారావుగారు 1997లో స్థాపించారు. కారా మాస్టారుగా పేరుపొందిన ఆయన కూడా బడి పంతులే. తెలుగులో అచ్చయిన ప్రతి కథనీ ఒక్కచోట చేర్చాలని పూనుకుని, పాత పత్రికల కోసం తిరిగి తిరిగి తెచ్చి పెట్టారు. ఆ బీరువాలూ, కట్టలూ, పసుపెక్కిన కాగితాలూ పిల్లలు కళ్లారా చూడాలి. కథ అంటే ఎక్కడో ఎవరో రాసేది కాదని, మన జిల్లాలోనే దానికొక ఇల్లుందని తెలియాలి.

అక్కడినుంచి వచ్చాక అయిదో తరగతికి చాసోగారి కథ ఒకటి చదువుతాను. విజయనగరంలో ఉండి రాసిన చాగంటి సోమయాజులుగారి 'ఎందుకు పారేస్తాను నాన్నా'. ఇంట్లో డబ్బుల్లేక బడి మానిపించిన కుర్రాడు. తండ్రి చుట్టలు తెమ్మని పంపిస్తే, దారి బడి ముందునుంచే. తోటి పిల్లలు చూస్తారేమోనని ఆ కుర్రాడు పడే సిగ్గు, పుస్తకాల మీది ఆ బెంగ. అంతకంటే ఈ కథ గురించి ఇక్కడ చెప్పను, చదవనివాళ్లు చదవండి.

ఇది అయిదో తరగతికే ఎందుకంటే, వాళ్ల తర్వాతి అడుగు ఆరో తరగతి. హైస్కూలు మా ఊళ్లో లేదు. మగపిల్లలు కొందరు ఆ వయసుకే పడవల వైపు చూడటం మొదలుపెడతారు. ఆడపిల్లల్ని చేపల పనికి, చెల్లినీ తమ్ముణ్ణీ చూసుకోడానికి ఇంట్లో ఉంచేస్తారు. అమ్మానాన్నలకి పిల్లలంటే ప్రేమ లేక కాదు, రోజు గడవాలి కాబట్టి. ఆ కుర్రాడి కథ విన్న పిల్ల ఇంటికెళ్లి చెబుతుంది. తల్లి వింటుంది. నేను పదిసార్లు ఇళ్లకి వెళ్లి చెప్పేదానికంటే ఆ పిల్ల ఒక్కసారి చెప్పేదానికి బలం ఎక్కువ. ఈ మాట నేను నమ్మి చెబుతున్నాను.

ఇంగ్లీషు మాటేమిటని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్నాయి. ఇంగ్లీషు కథలు కూడా చదువుతాం, చిన్నచిన్న బొమ్మల పుస్తకాలతో, అదే ఆఖరి పీరియడ్‌లో, శుక్రవారాలు. కానీ ఒక మాట మీతో గట్టిగా చెప్పాలి. తెలుగులో ధారాళంగా చదివి, కథ వెనకాల పరిగెత్తడం అలవాటైన పిల్లకి ఇంగ్లీషు అక్షరాలు వచ్చాక ఆ పరుగు ఆగదు. తెలుగులోనే కూడబలుక్కునే పిల్లని ఇంగ్లీషు పేజీ ముందు కూర్చోబెడితే రెండు భాషల్లోనూ భయమే మిగులుతుంది.

సంక్రాంతి సెలవులయ్యాక మా చదువు ఇసుక మీదికి మారుతుంది. జనవరి నుంచి మార్చి దాకా మా తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రిపూట ఒడ్డుకెక్కి, వెనక కాళ్లతో గొయ్యి తీసి, వందకి పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పేసి వెళ్లిపోతాయి. సుమారు 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. ఇసుక వేడిగా ఉంటే ఆడవి ఎక్కువ పుడతాయి, చల్లగా ఉంటే మగవి. ఇది చెప్పినప్పుడు పిల్లల మొహాలు చూడాలి. ఆ రోజుల్లో కథలు పక్కనపెట్టి సమాచారం చదువుతాం. తాబేళ్ల మీద దొరికిన చిన్న పుస్తకాలు, అటవీశాఖవాళ్లు పంచే కరపత్రాలు, పత్రికల్లో వచ్చిన వార్తలు. ఒక కాగితంలో ఉన్నది ఇంకో కాగితంలో ఉన్నదానితో సరిపోతుందా అని చూస్తాం. వలలో చిక్కుకుని తాబేలు చచ్చి ఒడ్డుకి కొట్టుకొస్తే దాని గురించి కూడా మాట్లాడుకుంటాం. అది మా పిల్లలకి ఇబ్బందైన విషయం, వల నాన్నది కదా. ఆ ఇబ్బందిని నేను తప్పించను. వల వేసేవాడికీ తాబేలుకీ ఇద్దరికీ బతుకు ఎలా అని పిల్లలే అడుగుతారు. జవాబు పుస్తకాల్లో వెతుకుతారు, ఇంట్లో అడుగుతారు.

ఇక మా పుస్తకాల సంగతి. గదిలో ఒక మూలనుంచి ఇంకో మూలకి తాడు కట్టి, పుస్తకాలు దాని మీద వేలాడదీశాం. ఎవరైనా చెయ్యెత్తి తీసుకోవచ్చు. ఇంటికి పట్టుకెళ్లొచ్చు, పేరు కూడా రాయించుకోను. కొన్ని తిరిగి రావు. ఫరవాలేదు, అవి ఏదో ఒక ఇంట్లో ఉన్నాయి. మాకున్న శత్రువు ఉప్పుగాలి. పుస్తకాలకి కొట్టిన పిన్నులు ఒక్క వానాకాలానికే తుప్పు పట్టి, కాగితాన్ని ఎర్రగా చేసి తినేస్తాయి. రెండు నెలలకే పేజీలు విడిపోతాయి. దీనికి విరుగుడు మా ఊళ్లోనే దొరికింది. ఒక తాతగారు మనవడు తెచ్చిన చిరిగిన పుస్తకం చూసి, వల అల్లే సూదితో, నైలాను దారంతో నడిమికి కుట్టి పంపించారు. ఆ పుస్తకం ఇప్పటికీ ఒక్క పేజీ ఊడలేదు.

ఈ మాట ముఖ్యంగా మా ఊరి నాన్నలకి చెబుతున్నాను. మీలో చాలామంది గుజరాత్ తీరంలో, వేరావల్ వైపు బోట్ల మీద పనిచేస్తారు. పడమటి తీరంలో జూన్, జూలై నెలల్లో వేట నిషేధం కాబట్టి ఈ రెండు నెలలే మీరు ఇంటి దగ్గర ఉండేది. ఆగస్టులో మళ్లీ రైలెక్కుతారు. జూలైలో ప్రతి శనివారం మధ్యాహ్నం రెండున్నర నుంచి బడి మీకోసం తెరిచి ఉంటుంది. మీ వల సూదీ, దారం బంతీ తెచ్చుకోండి. పుస్తకాలు వరండాలో పరిచి ఉంచుతాను. మీరు కుట్టండి, పక్కన కూర్చుని మీ పిల్లలు ఆ పుస్తకాలే మీకు చదివి వినిపిస్తారు. కూడబలుక్కుని చదివితే విసుక్కోకండి. ఒక్క మాట కూడా మధ్యలో అందించకండి. వాళ్లే పట్టుకుంటారు.

మీరు వెళ్లాక ఏం చెయ్యాలో కూడా అనుకున్నాం. ఆదివారం సాయంత్రాలు పిల్లలు ఇంట్లో ఉన్న ఫోన్లో కథ చదివి రికార్డు చేసి మీకు వాట్సాప్‌లో పంపుతారు. బోటు మీద సిగ్నల్ దొరకదని తెలుసు. రేవుకి వచ్చాకే వినండి. విన్నాక జవాబుగా మీరొక సంగతి చెప్పి పంపాలి. ఆ రోజు అక్కడ పడ్డ చేప పేరు, పక్క బోటువాళ్లు ఏ ఊరివాళ్లు, తండేలు ఏం చెప్పాడు, పొద్దున్నే ఏం తిన్నారు, ఏదైనా సరే. పిల్లలు దాన్ని విని కాగితం మీద రాస్తారు. రాసినవన్నీ మార్చిలో ఒకచోట చేర్చి, అదే నైలాను దారంతో కుట్టి, మా తాడు మీద వేలాడదీస్తాం. వచ్చే ఏడాది నాలుగో తరగతిలోకి వచ్చేవాళ్లకి ఆఖరి పీరియడ్‌లో ఆ పుస్తకం చదివి వినిపిస్తాను.

చదవడం రాని నాయనమ్మలకి, అమ్మమ్మలకి కూడా పిలుపు ఉంది. మీకు శుక్రవారం కుదిరితే శుక్రవారమే రండి, ఇంగ్లీషు కథ ఆ రోజుకి ఆగుతుంది. మీకొచ్చిన కథ చెప్పండి. ఏడు చేపల కథ మీ అత్తవారింట్లో వేరేగా చెప్పేవారా? అలాగే చెప్పండి. అయిదో తరగతి పిల్లలు పలకా కాగితాలూ పట్టుకుని సిద్ధంగా ఉంటారు.

జూన్ 12న తొమ్మిది గంటలకి బడి. అయిదో తరగతి వాళ్లు కిటికీ వైపు, నాలుగో తరగతి వాళ్లు తలుపు వైపు కూర్చోండి. కొత్తగా మూడు నుంచి నాలుగులోకి వచ్చేవాళ్లు మొదటి రోజు పుస్తకాల సంచీ తేకపోయినా ఫరవాలేదు. ఇంట్లో చేపలు ఎండబెట్టేటప్పుడు ఏమేం చేస్తారో అమ్మనడిగి తెలుసుకుని రండి. మన మొదటి కథకి అది కావాలి.